కోరింగ మడ అడవిలో మాంగ్రోవ్ పిట్టా ఉందా? ఎంత తిరిగినా ఎందుకు కనపడదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది తాళ్ళరేవు దగ్గర ఊరు. పోయిన అక్టోబరులో ఒక పొద్దున పెరటి కిటికీ కింద పిట్ట ఒకటి సొమ్మసిల్లి పడి ఉంది. వీపు ఆకుపచ్చ, తోక కింద ఎరుపు, తోక ఉందా లేదా అన్నంత పొట్టి. అట్టపెట్టెలో గంటసేపు ఉంచితే తేరుకుని ఎగిరిపోయింది. ఫోటో చూసినవాళ్ళెవరో "ఇది మాంగ్రోవ్ పిట్టా, చాలా అరుదు" అన్నారు. అప్పటినుంచి కోరింగ చెక్క వంతెన మీద నాలుగుసార్లు తిరిగారు, డిసెంబరు సెలవుల్లో ఒడిశా భితర్‌కనిక మడ అడవిలో రెండు రోజులు ఉన్నారు. ఎక్కడా దాని ఈక కూడా కనపడలేదు. లోపం ఎక్కడుంది అంటున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ పెరట్లో పడింది మాంగ్రోవ్ పిట్టా కాదు, దాదాపు ఖాయంగా మన పొన్నంకి పిట్ట (ఇంగ్లీషులో ఇండియన్ పిట్టా). కోరింగలో నేను పన్నెండేళ్ళుగా తిరుగుతున్నాను, మాంగ్రోవ్ పిట్టాని అక్కడ చూడలేదు, గొంతు కూడా వినలేదు. భితర్‌కనికలో మాత్రం అది ఉంది, బాగానే ఉంది. మీరు వెళ్ళింది సరైన చోటికే, కాకపోతే అది నోరు విప్పని నెలలో వెళ్ళారు. పైగా నడిచి వెతికారు. ఈ పక్షిని నడిచి వెతికితే దొరకదు. ఒకచోట కూర్చుని, చెవితో పట్టుకోవాలి.

ఇక వివరంగా. ఇకనుంచి మాంగ్రోవ్ పిట్టాని "మడ పిట్ట" అనే రాస్తాను, నాకు అలాగే అలవాటు. అసలు పిట్టా అన్న పేరు మన దగ్గర్నుంచి వెళ్ళిందే కదా. పొన్నంకి పిట్టని, జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1766లో కాకుల ప్రజాతిలో (అంటే దగ్గరి జాతుల గుంపులో) పడేశాడు. ఆ తర్వాత 1816లో వియేయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దానికి వేరే ప్రజాతి కట్టి, తెలుగు మాట "పిట్ట"నే దానికి పేరుగా పెట్టాడు. ఇవాళ ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా నలభైకి పైగా రకాలను ప్రపంచమంతా పిట్టా అనే పిలుస్తోంది. మన పిట్ట ఊళ్ళు తిరిగి దీర్ఘం తగిలించుకుని వచ్చింది, అంతే. తెలుగువాళ్ళం ఈ సంగతి చెప్పుకుని కొంచెం మురిసిపోవచ్చు, తప్పులేదు.

మీ ఫోటో సంగతికి వస్తాను. మసకగా ఉందన్నారు, ఫర్వాలేదు, రెండు చోట్ల చూస్తే చాలు. ఒకటి కన్ను మీద. పొన్నంకి పిట్ట కంటి మీదుగా లావాటి నల్ల పట్టీ ఉంటుంది, దానిపైన సన్నటి తెల్ల కనుబొమ ఉంటుంది, నడినెత్తిన ఇంకో నల్ల గీత ఉంటుంది. మడ పిట్టకి ఆ తెల్ల కనుబొమ లేదు. నెత్తి గోధుమరంగు, ముఖమంతా నల్లటి ముసుగు వేసినట్టు ఉంటుంది. రెండోది ముక్కు. మడ పిట్ట శాస్త్రీయ నామం పిట్టా మెగారింకా, 1863లో ష్లెగెల్ అనే శాస్త్రవేత్త పెట్టాడు, ఆ రెండో మాటకి అర్థమే పెద్ద ముక్కుది అని. ఆ ముక్కు చూస్తే పిట్టకి ఎక్కువైందే అనిపిస్తుంది, అంత పొడుగు, అంత బరువు. సైజు చూసి తేల్చుదామనుకోకండి, రెండూ ఇంచుమించు ఒక జానెడే. పొట్ట లేత గోధుమ రంగు, తోక కింద ఎరుపు, రెక్క మీద నీలం కూడా రెంటికీ ఉన్నవే. మీకు చెప్పినవాళ్ళు ఆ రంగులే చూసి పొరపడి ఉంటారు. నీలం మడ పిట్ట రెక్క మీద ఎక్కువ మేర పరుచుకుని ఉంటుంది, అయితే మసక ఫోటోలో దాన్ని నమ్ముకోకూడదు.

ఇంకో ఆధారం నెల. పొన్నంకి పిట్ట ఎండాకాలం చివర, వానల్లో మధ్య భారతంలో, హిమాలయాల పాదాల్లో, పడమటి కనుమల్లో గూడు పెట్టుకుంటుంది. చలికాలానికి దక్షిణాదికీ, శ్రీలంకకీ దిగుతుంది. ప్రయాణం రాత్రిపూట. సెప్టెంబరు, అక్టోబరుల్లో తెల్లవారేసరికి అలసిపోయి ఎక్కడ పడితే అక్కడ వాలుతుంది. ఇళ్ళ అద్దాలకి గుద్దుకుంటుంది, వరండాల్లోకి దూరుతుంది. విశాఖలో మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద రెండుసార్లు దొరికింది. ఒకసారి వాచ్‌మన్ "సార్, ఎవరిదో చిలక తప్పించుకొచ్చింది" అని పిలిచాడు. మీరు పెట్టెలో పెట్టి, నీళ్ళూ గింజలూ నోట్లో కుక్కకుండా వదిలేశారు చూడండి, అది చాలా మంచి పని. చాలామంది ఆ కుక్కడంతోనే చంపేస్తారు. ఇది తినేది పురుగులు, వానపాములు. బియ్యం కాదు.

తమిళంలో పొన్నంకి పిట్టని ఆరుమణి కురువి అంటారు. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి కూస్తుందని ఆ పేరు. ఇది గుర్తుపెట్టుకోండి, మడ పిట్ట దగ్గర కూడా పనికొస్తుంది.

మడ పిట్ట ఎక్కడుంటుంది

పేరుకి తగ్గట్టు సముద్రపు పోటు వచ్చి పోయే మడ అడవుల్లో, నీపా తాటి గుబుర్లలో. మన దేశంలో సుందర్‌బన్స్, భితర్‌కనిక దీని చిరునామాలు. అక్కణ్ణుంచి బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్, మలేసియా, సింగపూర్ మీదుగా సుమత్రా వరకు ఉంటుంది. ఒడిశా అటవీ శాఖ 2024లో మొదటిసారి దీన్ని లెక్కపెట్టింది. కేంద్రపడా, జగత్‌సింగ్‌పూర్ జిల్లాల తీరం మొత్తమ్మీద 179 పక్షులు కనపడ్డాయి, ఎక్కువ భాగం భితర్‌కనికలోనే. లెక్క పెట్టినవాళ్ళు కళ్ళని ఎంత నమ్ముకున్నారో చెవుల్ని అంత నమ్ముకుని ఉంటారు, ఇంకో దారి లేదు.

మీ తరఫున వాదించుకోవాలంటే, కోరింగ కూడా పెద్ద మడ అడవే, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ నల్లమడ ఉంది, తెల్లమడ ఉంది, తిల్ల చెట్టు ఉంది, ఈ పిట్ట తినే ఎండ్రకాయలకి కొదవ లేదు. మరి ఈ పిట్ట ఎందుకు లేదు అని మీరు అడుగుతారు. నాకు తోచింది చెబుతాను, నా లెక్క మాత్రమే. భితర్‌కనికలో సుందరి చెట్లూ హెంతాల్ అనే ముళ్ళ ఈత పొదలూ కలిసి కింద ఒక చీకటి గది కడతాయి. మట్టి తడిగా ఉంటుంది, పైన మాత్రం కప్పు. కోరింగలో నేను తిరిగిన చోట్ల అంత చీకటి కింది పొర తక్కువ, పడవ మీంచి చూస్తే ఎండ నేల దాకా దిగుతుంది. ఈ పిట్టకి ఆ చీకటే ఇల్లు. అయినా చెక్క వంతెన మీద మీ తిరుగుడు వృథా అనను. చలికాలంలో పొన్నంకి పిట్ట అక్కడ కూడా కనపడొచ్చు. సాయంత్రం టూరిస్టుల సెల్ఫీల గోల సద్దుమణిగాక నిలబడి వినండి.

ఎందుకు కనపడదు

ఇంత రంగుల పక్షి దాక్కోవడం ఎలా అని అందరూ అడుగుతారు. రంగులన్నీ పుస్తకంలో పక్క నుంచి వేసిన బొమ్మలో కనిపిస్తాయి. అడవిలో అది వీపు మీ వైపు తిప్పి నిలబడుతుంది, ఆ వీపు బురదలో పడ్డ పచ్చాకు రంగు. ఆ నీలం గంతు వేసినప్పుడు, రెక్క విప్పినప్పుడు ఒక మెరుపు మెరిసి ఆరిపోతుంది. మీరు కదిలితే అది ఎగిరిపోదు, అదే చిక్కు. ఎగిరితే కనీసం తెలిసేది. అది కొయ్యబారి నిలబడుతుంది, లేదా రెండు గంతుల్లో వేళ్ళ వెనక్కి జరుగుతుంది. మీరు దాని పక్కనుంచే నడిచి వెళ్ళిపోతారు. మీరు డిసెంబరులో భితర్‌కనికలోని డాంగమల్ కాలిబాట మీద నాలుగు కిలోమీటర్లు నడిచానన్నారు కదా, ఎన్నిటిని దాటేసి ఉంటారో ఆ పిట్టలకే తెలియాలి.

భితర్‌కనికకి నా మొదటి ట్రిప్పూ ఇలాగే తగలబడింది. జనవరిలో వెళ్ళాను, వాతావరణం బాగుంటుందని. మొసళ్ళు బాగా కనపడ్డాయి, గోధుమ రెక్కల లకుముకి పిట్ట చేతికందేంత దగ్గర్లో కూర్చుంది, మడ పిట్ట మాత్రం లేదు. రెండోసారి ఏప్రిల్ ఆఖరి వారంలో వెళ్ళాను. ఎండకి తల పగిలిపోయింది, కాని మొదటి పొద్దునే మూడు గొంతులు వినిపించాయి. అప్పుడొక వెధవ పని చేశాను. దాచిపెట్టకుండా చెబుతాను, మీరు చెయ్యకుండా ఉంటారని. ఫోన్‌లో దాని కూత రికార్డింగ్ ఉంది, స్పీకర్ పెట్టి వినిపించాను. పిట్ట నిజంగానే వచ్చింది, పడవకి నాలుగు గజాల దూరంలో తిల్ల కొమ్మ మీద వాలి, మెడ సాచి అరిచింది. నేను ఫోటోలు తీసుకుంటూ ఇంకోసారి వినిపించాను, ఇంకోసారి. ఇరవై నిమిషాలు అది మేత మానేసి, లేని పోటీదారుడి కోసం కొమ్మ కొమ్మా వెతికింది. చివరికి పడవ నడిపే పెద్దాయన తన ఒడియా కలిసిన హిందీలో "ఇంక చాలు బాబూ, దానికి ఇంటి దగ్గర పనుంది" అన్నాడు. చుక్కాని పక్కన ఆయన ముఖం చూసి ఫోన్ జేబులో పెట్టాను. గూడు పెట్టే రోజుల్లో ఇలా చేస్తే గుడ్లు చల్లబడతాయి, మేత వేళ పోతుంది. కూత రికార్డింగ్ వినండి, నేర్చుకోండి, అడవిలో మాత్రం వినిపించకండి. దీనికి నా దగ్గర మినహాయింపు లేదు.

మరి ఎలా చూడాలి

నెల, వేళ, నీరు. ఈ మూడూ కలవాలి.

నెల సంగతి కొంచెం ఇబ్బంది. దీని కూత వేసవిలో మొదలై వానల్లో బాగా సాగుతుంది. భితర్‌కనిక పార్కుని మాత్రం మొసళ్ళు గుడ్లు పెట్టే కాలమని మే 1 నుంచి జులై 31 దాకా మూసేస్తారు. అంటే పిట్ట గొంతెత్తే నెలల్లో చాలా భాగం మనకి తలుపు మూసి ఉంటుంది. మిగిలింది ఏప్రిల్ చివరి పది రోజులు, ఆగస్టు మొదటి రెండు వారాలు. నా ఓటు ఆగస్టుకి. దోమలు కండ చీల్చేస్తాయి, వాన ఎప్పుడు పడుతుందో తెలీదు, కెమెరాకి తేమ పడుతుంది. అయినా ఆగస్టే. డిసెంబరులో అసలు కనపడదని కాదు, అది ఏడాది పొడవునా అక్కడే ఉంటుంది. కూయదు, అంతే. కూయని మడ పిట్టని చూడటమంటే ఇక అదృష్టమే.

వేళ తెల్లవారుజాము. సాయంత్రం రెండో అవకాశం. మబ్బు పట్టి వాన వచ్చేముందు మధ్యాహ్నం కూడా కూస్తుంది, ఒకసారి పన్నెండున్నరకి విన్నాను.

నీటి సంగతి ఎవరూ చెప్పరు. ఇది బురద మీద మేత మేసే పక్షి. పోటు మీదున్నప్పుడు నేలంతా నీళ్ళు, అది మేత మానేసి ఎక్కడో పొదల మీద కూర్చుంటుంది. పాటు మొదలై, అంటే నీరు దిగడం మొదలై, వేళ్ళ మధ్య బురద బయటపడి మెరుస్తుంటే ఎండ్రకాయలు బొరియల్లోంచి వస్తాయి, వాటి వెనక ఇదీ వస్తుంది. కాబట్టి పోటుపాట్ల పట్టిక చూసుకుని, తెల్లవారుజామునే నీరు దిగే రోజులు ఎంచుకోండి. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, అందుకే ఈ వారం కుదిరిన వేళ వచ్చే వారం కుదరదు. మీది తాళ్ళరేవు కాబట్టి ఇది మీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఊరి చేపల వేటగాళ్ళని అడిగితే తిథి చూసి చెప్పేస్తారు.

ఇక కూత. పొన్నంకి పిట్టది రెండు ముక్కల ఈల, "వీట్‌-ట్యూ", మధ్యలో స్పష్టంగా విరుపు. మడ పిట్టది "టెలావ్‌... టెలావ్‌" అని లాగి, రెండు స్వరాలూ ఒకదాంట్లోకి ఒకటి జారినట్టు ఉంటుంది. విచిత్రమేంటంటే నేల మీద తిరిగే పక్షి, పాడేటప్పుడు మాత్రం చెట్టెక్కుతుంది. కూత వినపడగానే అందరూ బురద వైపు చూస్తారు. తల పైకెత్తండి, మూడు నాలుగు నిలువుల ఎత్తులో, ఆకుల వెనక కొమ్మ మీద చూడండి. కూస్తున్నంతసేపూ అక్కడే ఉంటుంది. ఎదురుగా పొట్ట ఎరుపు కనపడేది అప్పుడే.

పడవ చిన్నది మాట్లాడుకోండి. ఇంజన్ ఆపేసి, చిన్న కాలవ నోటి దగ్గర తాడు కట్టించి, కనీసం గంట కూర్చోండి. మొదటి ఇరవై నిమిషాలు ఏమీ జరగదు. తర్వాత అడవి మిమ్మల్ని మర్చిపోతుంది. ఆకుల చప్పుడు ప్రతిదీ పిట్ట కాదు, సగం ఎండ్రకాయలు, మిగతా సగం ఉడుము.

నాకు బాగా కనిపించింది మూడో ట్రిప్పులో, ఆగస్టు 6న, అలా కూర్చున్నప్పుడే. కూత కూడా లేదు. మేకుల్లా పైకి లేచిన వేళ్ళ మధ్య ఏదో గంతేసింది. బైనాక్యులర్స్ ఎత్తడానికి భయమేసి అలాగే చూశాను, దూరం పది పన్నెండు అడుగులు. దాని ముక్కులో రూపాయి బిళ్ళంత ఎండ్రకాయ. ఒక కాలు పట్టుకుని విదిలించింది, ఎండ్రకాయ ఎగిరి అవతల పడింది, కాలు ముక్కులో మిగిలింది. దాన్ని వదిలేసి మళ్ళీ వెళ్ళి ఇంకో కాలు పట్టుకుంది. అలా డెక్కలు రెండూ పోయేదాకా తీరిగ్గా, కందులు ఏరుకుంటున్నట్టు. ఆ తర్వాత డిప్పని వేరుకేసి నాలుగు దెబ్బలు కొట్టి మింగేసింది. ముక్కు ఎందుకంత పెద్దదో అప్పుడర్థమైంది. మింగాక ముక్కు వేరుకి రెండువైపులా తుడుచుకుని, ఒక్క గంతులో చీకట్లోకి పోయింది. మొత్తం మూడు నిమిషాలు. ఒక్క ఫోటో లేదు.

కొన్ని జాగ్రత్తలు. పడవ దిగి బురదలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ అడుగు పెట్టకండి. 2024 జనవరి లెక్కలో భితర్‌కనికలో ఉప్పునీటి మొసళ్ళు 1,811. పిట్ట మేసే బురద గట్టే వాటి పడక. చెయ్యి కూడా నీళ్ళలో ఆడించకండి. తిల్ల కొమ్మలు పక్కకి నెట్టేటప్పుడు విరవకండి, ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, ఇది మీ ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. ముదురు రంగు బట్టలు వేసుకోండి. సెంటు వద్దు.

భితర్‌కనికకి దారి: సామర్లకోటలో రైలెక్కితే భద్రక్ దాకా ఒకటే లైను. అక్కడినుంచి రోడ్డు మీద చాంద్‌బాలి యాభై కిలోమీటర్ల పైమాట, ఆ పైన డాంగమల్‌కి పడవ. అటవీ శాఖ గదులు డాంగమల్‌లోనే ఉన్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. బయట బస చేసి పొద్దున పడవలో వస్తే మీరు చేరేసరికి కూత అయిపోతుంది. లోపల నిద్రపోవడం తప్పనిసరి.

సింగపూర్‌లో మీ తమ్ముడు ఉన్నాడని రాశారు. అక్కడికి వెళ్ళే పని ఉంటే పులావ్ ఉబిన్ దీవి చూడండి, అక్కడ మడ పిట్ట ఉంది. థాయ్‌లాండ్‌లో క్రాబి మడ అడవి కూడా దీనికి పేరుపడ్డ చోటు. కాకపోతే ఆ వైపు బ్లూ వింగ్డ్ పిట్టా అని ఇంకోటి ఉంటుంది, చూడ్డానికీ వినడానికీ దీనికి కవల లాంటిది. అక్కడ కూత నమ్మి తేల్చకండి, ముక్కు చూడాలి.

ప్రపంచవ్యాప్తంగా దీన్ని ముప్పు అంచున ఉన్న జాతుల్లో చేర్చారు. కారణం మనకి తెలిసిందే, మడ కొట్టి రొయ్యల చెరువు తవ్వడం. మన తీరంలో అది ఎంత జరిగిందో మీకు వేరే చెప్పాలా.

ముందు ఆ ఫోటో పెద్దది చేసి, కంటిపైన తెల్ల గీత ఉందో లేదో చూసి ఇక్కడే రాయండి. ఉంటే పొన్నంకి పిట్టే. లేకపోతే మాత్రం నేనే రైలెక్కి తాళ్ళరేవు వస్తాను, మీ పెరట్లో కుర్చీ వేసి ఉంచండి.